ఒక్క పేజీ విద్యకు జై

ఏ విద్యనూ పూర్తిగా నేర్చుకోకండి!

పూర్తిగా నేర్చుకున్నవాళ్లు ఏం బాగుపడ్డారు? కళ్లజోడు వచ్చింది, మెడనొప్పి వచ్చింది, ఇంట్లో అలమరా నిండింది, అలమరాకు చెదలు పట్టాయి. అదే చీట్ షీట్ పట్టుకున్నవాణ్ణి చూడండి. ఒక్క పేజీ! రెండు వైపులా ప్లాస్టిక్ పూత. టీ ఒలికితే తుడుచుకోవచ్చు, కరెంటు పోతే విసురుకోవచ్చు, వాన పడితే నెత్తిన పెట్టుకోవచ్చు. ఏ పెద్ద గ్రంథమైనా ఇన్ని విధాల అక్కరకు వస్తుందా?

తెలియనివారి కోసం చెబుతాను. వెబ్‌సైట్లు నడపడానికి కంప్యూటర్ భాషలు కొన్ని ఉన్నాయి. పీహెచ్‌పీ, పెర్ల్ లాంటివి వాటిలో వయసు మళ్లిన భాషలు. ఇప్పటి కుర్రవాళ్లు వాటిని కూర్చుని నేర్చుకోరు. కానీ వాటితో కట్టిన సైట్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి, హుగ్లీ ఒడ్డున మా ఖిదిర్‌పూర్‌లో పాత మేడల్లాగా. పడగొట్టరు, బాగుచేయరు, లోపల మాత్రం మనుషులు కాపరాలు చేస్తుంటారు. ఆ భాషల్లో అవసరమైన ముక్కలన్నీ ఏరి ఒక పేజీలో అచ్చువేస్తారు. ఇది కావాలంటే ఈ లైను, అది కావాలంటే ఆ లైను. చూసి ఎక్కించడమే. అర్థం చేసుకునే బాధ మనకు లేదు!

మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఈ విద్యకు పెద్ద వినయ్ కుమార్. హైదరాబాదు నుంచి వచ్చినవాడు. సాల్ట్ లేక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అతని గది గోడకు ఇలాంటి షీట్లు పూజా మందిరంలో పటాల్లా వేలాడుతుంటాయి. "ఇవన్నీ చదివావా బాబూ?" అని ఒకసారి అడిగాను.

"ఇవి చదవడానికి కాదు అంకుల్, చూడ్డానికి" అన్నాడు.

ఎంత గొప్ప మాట! ఈ సూత్రం ఊరంతా పాటిస్తే ఎంత బాగుంటుందో ఆలోచించండి. ఆపరేషన్ బల్ల పక్కన డాక్టరుకు ఒక షీట్. "కోయాలంటే ఈ లైను." కుట్టడం రెండో వైపు. హుగ్లీ మీద ఫెర్రీ నడిపేవాడికి ఒక షీట్. కాగితం తిప్పేలోగా రేవు దాటిపోతే తప్పు రేవుది, మనిషిది కాదు. పాస్టరు గారి ప్రసంగం కూడా ఒక్క పేజీ అయితే ఆదివారం మాంసం కూర చల్లారకముందే ఇంటికి చేరుకోమా? విశ్వాసం ఏమైనా తగ్గుతుందా? ఆకలి మాత్రం తప్పకుండా తగ్గుతుంది.

ఇలాంటి విద్యను ఈ మధ్య మా సంఘంలో కొందరు తూలనాడుతున్నారు. అది చూసి మనసు కలుక్కుమని, జరిగినది జరిగినట్టు మీ ముందు పెడుతున్నాను. మీరే తీర్పు చెప్పండి.

కొత్త సంవత్సరం ఉదయం ప్రతి ఒక్కరూ ఒక వాగ్దాన వాక్యం తీసుకోవడం మా ఆచారం. లేఖనాల్లోంచి ఏరిన వాక్యాలు అవి. ఎవరి చేతికి ఏది వస్తే ఆ ఏడంతా అదే వాళ్లకు ఆసరా. ఫ్రేము కట్టించుకునేవాళ్లున్నారు, బియ్యం డబ్బాకు అంటించుకునేవాళ్లున్నారు. ఎవరికి ఏం వచ్చిందో సాక్ష్యాల ఆదివారం దాకా బయటపెట్టకూడదు. ఆ రోజు గుడిలో లేచి నిలబడి చదవాలి.

పూర్వం జగ్గమ్మ వెదురు బుట్ట నిండా చీటీలు చుట్టి తెచ్చేది. చేత్తో బాగా కలిపేది. తరవాత వెబ్‌సైటు వచ్చింది. ఫోనులో బటన్ నొక్కితే వాక్యం వస్తుంది. జగ్గమ్మ బుట్టలో ఉల్లిపాయలు పోసుకుంది.

మొన్న డిసెంబరులో సైటుకు ఏదో కొత్త వెర్షన్ వచ్చి ఈ పాత పేజీ మూగబోయింది. వినయ్‌ని పిలిచారు. గోడ మీది షీట్ చూశాడు, ఒక లైను ఎక్కించాడు. ఇచ్చిన టీ చల్లారకముందే పని అయిపోయింది. కమిటీ వాళ్లు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ బటన్ మీద అందరికంటే ఎక్కువ బరువు పెట్టిన మనిషి డోర్కాస్.

డోర్కాస్‌ది సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్. పెనిమిటి ఆదాము రైల్వేలో రిటైరవుతున్నాడు, కొన్ని నెలల్లో ఇల్లు ఖాళీ చేయాలి. ఆదాముకు పలాస వెళ్లిపోవాలని ఉంది. అక్కడ తమ్ముడు రెండు గదులు చూసిపెట్టాడు కూడా. డోర్కాస్ పుట్టింది ఇక్కడ, ఖిదిర్‌పూర్ ఓడరేవు కూలీల లైన్లలో. ఆమెకు పలాస అంటే రైలు కిటికీలోంచి చెయ్యి చాపి జీడిపప్పు కొనుక్కునే స్టేషను, అంతే. తల్లి సమాధి ఇక్కడ ఉంది. చిన్ననాటి స్నేహితురాలు సింహాచలమ్మ ఇక్కడ ఉంది. ప్రతి మంగళవారం బస్సెక్కి వచ్చి తాను నడిపే స్త్రీల ప్రార్థన ఇక్కడ ఉంది. ఇవన్నీ వదిలి పోవడమంటే మనిషిని మొదలంటా పెరికినట్టే అని ఆమెకు లోపల దిగులు. పైకి ఒక్క మాట అనలేదు.

"మనమేటి తేల్చుకుంటాము? దేవుణ్ణే అడుగుదుము. వాగ్దానం ఎలగొస్తే అలగ" అన్నాడు ఆదాము.

డోర్కాస్ తలూపింది. దేవుణ్ణి అడుగుదామంటే వద్దనే ఇల్లాలు ఎక్కడైనా ఉంటుందా?

కొత్త సంవత్సరం పొద్దున్న ఆదాము స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, బటన్ నొక్కాడు. లేచి, నీ వాళ్లను విడిచి, నేను చూపించే చోటికి బయలుదేరు అన్న అర్థం గల వాక్యం వచ్చింది. ఆదాము అన్న హల్లెలూయా పక్క క్వార్టర్లోకి వినిపించింది. డోర్కాస్ అన్న ఆమేన్ కుక్కరు కూతలో కలిసిపోయింది.

"నేను కూడా ఒకటి నొక్కీనా?" అని అడిగిందామె.

"ఇంటికొకటి సాల్దేటి?" అన్నాడాయన.

ఆ సాయంత్రమే హౌరా నుంచి టికెట్లు తీశాడు. డోర్కాస్ స్టీలు గిన్నెలు పాత దుప్పట్లలో చుట్టింది. కుండీలో పెంచుకున్న కరివేపాకు మొక్కను పక్కింటి బెంగాలీ ఆవిడకు ఇచ్చేసింది. అది ఇచ్చేటప్పుడు మాత్రం కాసేపు అక్కడే నిలబడిపోయిందట.

చూశారా షీట్ మహిమ! నెలల తరబడి తెగని మాట ఒక్క నొక్కుతో తెగిపోయింది!

సాక్ష్యాల ఆదివారం వచ్చింది. మొదట రాజకుమారి లేచింది. ఇంకా పెళ్లికాని పిల్ల. పిల్లాపాపలతో వర్ధిల్లమన్న వాక్యం చదివి, ముఖం ఎర్రబడి, చటుక్కున కూర్చుంది. తరవాత జగ్గమ్మ. పగవాళ్ల గుమ్మాలు నీ చేతికి వస్తాయన్న వాక్యం. వీధి కుళాయి దగ్గర బిందెల కోసం తనతో రోజూ తగువుపడే మేరీరాణి వైపు తిరిగి మరీ చదివింది.

ఆ వెనక సింహాచలమ్మ. మునిసిపాలిటీలో వీధులు ఊడ్చి పింఛను పుచ్చుకుంటున్న విధవరాలు. ముసలితనంలో కొడుకు పుడతాడన్న వాక్యం ఆమెకు వచ్చింది.

"ఓలమ్మో! అరవయ్యేల్లు దాటిపోనాయి నాకు. ఇప్పుడు కొడుకేటి బాబూ? పురుడు ఎవులు పోస్తారు, పాస్టరుగోరా?"

గుడి గుడంతా గొల్లుమంది. పాస్టరు గారు చేతిరుమాలు వెతుక్కున్నారు.

నవ్వులు సద్దుమణిగాక సంఘం గుమాస్తా బైరాగి లేచాడు. అతనికి బయలుదేరి వెళ్లమన్న వాక్యం! పాపం, అప్పుడే ఇంటికి సున్నం వేయించుకున్నాడు. ఆ వెంటనే పాస్టరు గారు తనదీ చదివారు. ఆయనకూ అదే. కమిటీలో కొందరి ముఖాలు వికసించాయి.

డోర్కాస్ మెల్లగా తలెత్తింది. లేచి నిలబడింది.

"ఎల్లిపొమ్మని ఇంకెవులికొచ్చినాదమ్మా? సేతులెత్తండి."

వరసకు ఇద్దరు ముగ్గురు చేతులెత్తారు. ఆ లెక్కన పలాస రైలుకు మా కోసం ప్రత్యేకంగా ఒక పెట్టె తగిలించాలి!

అందరూ వినయ్ వైపు తిరిగారు. వినయ్ ఫోను తీసి చూసుకున్నాడు. పాపం, దాపరికం లేని కుర్రవాడు.

"సారీ ఆంటీ. షీట్‌లో ఎగ్జాంపుల్ పాచిక మీద ఉంది. ఒకటి నుంచి ఆరు దాకా ఏదో ఒక నంబరు వచ్చే లైను. నేను దాన్నే యథాతథంగా పెట్టేశాను."

"మరి మిగిలిన వాక్యాలు ఏటయిపోనాయి?"

"అవి లోపలే ఉన్నాయి ఆంటీ. బయటికి రావు."

ఆ వాక్యాలను టైపు చేసింది బైరాగి. గ్రంథంలో ఉన్న వరసలోనే మొదటినుంచీ కొట్టుకుంటూ పోయాడు. మొదటి ఆరూ ఆది పితరులవి. వాళ్ల గొడవంతా సంతానం, ప్రయాణం, భూమి. ఓదార్చే వాక్యాలు, నిలిచి ఉండమనే వాక్యాలు, విశ్రాంతినిచ్చే వాక్యాలు వందల కొద్దీ చీకట్లో కూర్చున్నాయి. సంఘమంతా ఆరు ముక్కల మీద ఏడాది గడపడానికి తయారైంది.

ఇందులో వినయ్ తప్పేముంది? షీట్‌లో ఆరు అని ఉంది, ఆరు పెట్టాడు. ఆరు ఎందుకని అడగడం షీట్‌లో లేదు!

అక్కడికక్కడే అంకె మార్చేశాడు. "ఇప్పుడు మళ్లీ నొక్కండి" అన్నాడు.

ఆదాము ఊరుకుంటాడా? "ఆరైతేనేటి, అరవయ్యైతేనేటి? పాసిక ఏసినోడు దేవుడు. మాది మాకు వచ్చీసినాది. టికెట్లు కూడా తీసీసినాను."

దేవుడు ఆరు వాక్యాల్లోంచి కూడా మాట్లాడగలడు. నాకు సందేహం లేదు. కానీ ఆయన మాట్లాడాలని మనం పెట్టిన ప్రశ్న నిజంగా ఆయనను అడగవలసినదేనా అని మాత్రం చిన్న అనుమానం. పెద్దవాళ్లు క్షమించాలి.

పాస్టరు గారు మధ్యేమార్గం చూశారు. ఫోను డోర్కాస్ చేతికిచ్చి, "నువ్వు నొక్కమ్మా. నీకు వచ్చిందే ఖాయం చేద్దాం" అన్నారు.

డోర్కాస్ ఫోను వైపు చూసింది. ఆమె వేలు బటన్ దాకా వెళ్లింది. నొక్కలేదు. ఫోను తిరిగి ఆయనకే ఇచ్చేసింది.

"నా మనసులో ఏటున్నాదో దేవుడికి తెలుసు పాస్టరుగోరూ. తెల్నిది ఈయనకే." అప్పుడు పెనిమిటి వైపు తిరిగింది. "పలాసలో తమ్ముణ్ణి అడిగినావు. టికెట్ల కుర్రోణ్ణి అడిగినావు. ఈ ఫోన్ని అడిగినావు. ముప్పయ్యేల్లు నీ పక్కనే కూకున్నానయ్యా. ఒక్కపాలి నన్ను అడిగినావా?"

వినయ్ షీట్‌లో దీనికి లైను వెతుకుతున్నాడేమోనని చూశాను. తలొంచుకుని ఉన్నాడు.

ఆరాధన అయ్యాక ఆలుమగలిద్దరూ బస్టాపులో నిలబడ్డారు. సింహాచలమ్మ తోడు. ఆదాము గొంతు సవరించుకున్నాడు. టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"సరే, అడుగుతున్నాను. ఎల్దుమా, ఉండిపోదుమా?"

డోర్కాస్ బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు చూసింది.

"ఆలోసించుకుని సెప్తాను. ఇన్నేల్లూ ఎవులూ అడగనేదు కదా, జవాబు తయారుగా నేదు."

"ఎంతసేపు పడతాది?"

"అడగడానికి నీకెంత పట్టినాది?" అంది సింహాచలమ్మ మధ్యలో.

బస్సు వచ్చి ఆగింది. "దాదా, ఎక్కుతారా లేదా?" అని కండక్టరు బెంగాలీలో కేకలు వేశాడు. ఆదాము ఎక్కలేదు. డోర్కాస్ కదిలితేనే గాని తాను కదలకూడదని ఆ రోజే ఆయనకు తోచింది కాబోలు. బస్సు వెళ్లిపోయింది. హౌరాలో వాళ్ల రైలు కూడా, తేదీ వచ్చినప్పుడు, వాళ్లు లేకుండానే వెళ్లిపోయింది.

చుట్టిన గిన్నెల్లో సగం డోర్కాస్ విప్పింది, సగం అలాగే ఉంచింది. కరివేపాకు కుండీ మాత్రం తిరిగి తెచ్చుకుంది. ఆదాము రోజూ టీ తాగుతూ "తేలిందేటి?" అని అడుగుతాడు. "ఇంకా నేదు" అంటుందామె. అలా అన్నప్పుడల్లా ఆమె మరో చుక్క పాలు ఆయన కప్పులో పోస్తోందని సింహాచలమ్మ చెప్పింది.

ఆగలేక ఆదాము ఒకరోజు వినయ్ గదికి వెళ్లాడట. "ఆడమనిషి మనసు తెలుసుకోడానికి నీ కాడ కాయితం ఏదైనా ఉన్నాదేటి బాబూ?" అన్నాడట. వినయ్ గోడంతా వెతికి, "ఇంత పాత భాషకు ఎవరూ షీట్ వేసినట్టు లేదు అంకుల్" అన్నాడట.

చూశారా, ఎంత కాలయాపనో! అడగడం, వినడం, ఆగడం, మళ్లీ అడగడం! అదే వినయ్ పేజీ అయితే కన్ను మూసి తెరిచేలోగా తేల్చి పారేసేది. ఆ మాత్రం విలువ తెలియక మా సంఘంలో ఇప్పుడు మగవాళ్లందరూ ఇంటికి వెళ్లి పెళ్లాలను ఏవేవో అడుగుతున్నారు.

జగ్గమ్మ అయితే పాత చీటీల బుట్టలోంచి ఉల్లిపాయలు తీసేసి, దాన్ని కడిగి ఎండబెట్టింది కూడా.