ఊగని పీట

మ్యూజియం కట్టేవాళ్లకు మోకాళ్లుండవు. లోపల నలభై కుర్చీలు పెడతారు, ఒక్కదాని మీదా కూర్చోనివ్వరు. అందుకే ఆ ఉదయం కొడుకు, కోడలు, మనవరాలు పాత కోట, మ్యూజియం చూడాలని బయలుదేరుతుంటే, వడ్రంగి తాతయ్య తన పీట చంకన పెట్టుకున్నాడు. పెళ్లయిన ఏడాది భార్య కోసం చేసిన నాలుగుకాళ్ల పీట అది. "ఇది ఊగుతోందండీ" అని ఆవిడ ముప్ఫై ఏళ్లు అంది. "ఊగేది నువ్వు" అని ఆయన ముప్ఫై ఏళ్లూ అన్నాడు. ఆవిడ పోయి నాలుగేళ్లయినా ఆయన మాట మారలేదు.

కోటలో ఆయనకు ఏదీ నచ్చలేదు. మ్యూజియంలో మాత్రం ఒక పాత భోషాణం దగ్గర కాళ్లు ఆగిపోయాయి. ఒక్క మేకు లేదు.

"మూలలు ఎలా కలిపాడే వీడు?"

"వెనక్కెళ్లి కింద చూద్దాం తాతయ్యా!" అంది మనవరాలు.

పీట అక్కడే వదిలి, ఇద్దరూ భోషాణం వెనక బోర్లా పడుకున్నారు. ఈలోగా గది సర్దుతున్న పనివాడు దారికడ్డంగా ఉన్న పీటను చూశాడు. ఎవరో ప్రదర్శన అరుగు మీంచి దింపి మరిచిపోయారనుకుని మళ్లీ ఎక్కించి, చుట్టూ తాడు కట్టాడు. వెనకే పాతికమందితో గైడు వచ్చాడు. చీటీ లేని వస్తువు ముందు నోరు మూసుకునే రకం కాదతను.

"ఇది రాణిగారి స్నానాల పీట. నొక్కితే ఊగుతుంది, చూడండి. చేసినవాడికి పని రాదు."

భోషాణం వెనక నుంచి తాతయ్య తల లేచింది. "ఎవడ్రా ఊగుతుందన్నది?"

ఆయన తాడు దాటి పీట పట్టుకున్నాడు. కాపలావాడు ఈల ఊదాడు. పక్క గదుల జనం కూడా వచ్చి చేరారు. కొడుకు తలపట్టుకున్నాడు.

"వదలండి పెద్దాయనా, అది రాణిగారిది!"

"నా పెళ్లానిది!"

"ఆవిడ రాణిగారా?" అన్నాడు గైడు, నోటుపుస్తకం తీస్తూ.

"నా నెత్తిన కూర్చున్నంతకాలం అంతే!"

చివరికి తెల్ల చేతితొడుగులతో అధికారిణి వచ్చింది. "మీదే అయితే, మీకు తప్ప ఎవరికీ తెలియని గుర్తొకటి చెప్పండి. లేకపోతే పీట లోపలే ఉంటుంది."

తాతయ్య దాని మీద పేరు చెక్కలేదు, రంగు వేయలేదు. పీట వైపు చూశాడు. జనం వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"కణుపున్న కాలు... గోరుమందం పొట్టి."

ఆమె కొలిచింది. సరిగ్గా గోరుమందం.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"చేసిన రోజు నుంచి."

కోడలు నోరు తెరిచింది. "మరి అత్తయ్యగారితో..."

"నువ్వు నడు."

అధికారిణి పుస్తకంలో రాసి సంతకం పెట్టించుకుంది: వస్తువు, పీట. గుర్తు, ఊగును. ఒప్పుకున్నవారు, చేసినవారు.

గేటు బయట తాతయ్య పీట దించి, ముగ్గురి వైపూ వేలు చూపించాడు. "ఈ ఊసు ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకండి. నేనూ ఎత్తను" అని కూర్చున్నాడు.

పీట టక్కుమంది.