కొబ్బరినీళ్ళు తాగిన కంప్యూటర్

సన్మాన సభను మించిన ప్రజాసేవ ఈ భూమండలం మీద ఇంకోటి లేదు! కాదన్నవాళ్ళు ముందుకు రండి, శాలువా కప్పి నోరు మూయిస్తాను.

నవ్వకండి. సీరియస్‌గానే చెబుతున్నాను. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఎక్కడ మైకు గరగరలాడినా స్టేజీ మీద ఒక కుర్చీ నాదే. పిలిస్తే ముందు వరసలో కూర్చుంటాను, పిలవకపోతే వెనక వరసలో కూర్చుంటాను. మా వైపు వరి ఏడాదికి రెండు పంటలు, కొల్లేట్లో చేప ఏడాది పొడుగునా, సన్మానం మటుకు మూడు పూటలా. గిట్టనివాళ్ళు 'దండ దండగ' అంటారు. మెడలో దండ పడని బతుకు దండన కాక మరేమిటండీ?

అసలు సన్మానంలో ఉన్న సుఖమేమిటో ఎప్పుడైనా ఆలోచించారా? ఎవరో ఏదో సాధించారనుకోండి. ఆ సాధించిందేమిటో తెలుసుకోవాలంటే మనం బుర్ర పెట్టాలి, టైము పెట్టాలి, ఓపిక పెట్టాలి. అదే సన్మానం పెట్టామనుకోండి, ఇవేవీ పెట్టక్కర్లేదు! కవి గారి పుస్తకం చదవక్కర్లేదు. నాట్యం చేసే పిల్ల గజ్జె కట్టక్కర్లేదు. పోయినేడు 'ఉత్తమ రొయ్యల రైతు' అని ఒకాయనకి ఘనంగా సన్మానం చేశాం. స్టేజీ దిగాక తెలిసింది, ఆయన పెంచేది కోళ్ళని. ఏం, కొంప మునిగిందా? కోడికీ రొయ్యకీ తేడా శాలువాకి తెలుసా? ఇంకోసారి ఒక ఈతగాడి మెడలో వేసిన దండల బరువుకి పాపం ఆయన నేల మీదే మునిగిపోబోయాడు. అయినా నవ్వుతూనే ఉన్నాడు. అదీ సంస్కారం!

ఇంత చెప్పినా నమ్మని శల్యపరీక్షకుల కోసం పెర్సిస్ గారి సంగతి చెబుతాను.

పెర్సిస్ గారిది ఏలూరు. తాడేపల్లిగూడెంలో ఒక ఆడపిల్లల కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతుంది. రోజూ బస్సులో పోయి రావడం. ఈవిడ రెండేళ్ళు కూర్చుని ఒక కంప్యూటర్ కట్టింది. కొన్నది కాదు సుమండీ, కట్టింది! వీధికి రెండు ఇంటర్నెట్ సెంటర్లున్న ఈ రోజుల్లో, పనిగట్టుకుని పాతికేళ్ళ కిందటి చిప్పు ఒకటి సంపాదించి, చచ్చిపోయిన టీవీల్లోంచి, రేడియోల్లోంచి సామాను పీకి, చెక్క పలక మీద తీగ తీగా అతికించింది. దానికి తెర లేదు. దాంట్లో పాట రాదు, పేకాట రాదు. ఎనిమిది స్విచ్చులు, ఎనిమిది ఎర్ర లైట్లు, అంతే. స్విచ్చులు నొక్కి 'రెండూ మూడూ కలుపు' అంటే, లైట్లు వెలిగించి 'ఐదు' అంటుంది. ఐదంటే వెలిగేది రెండు లైట్లేనట! కరెంటు ఆఫీసువాళ్ళు నేర్చుకోవలసిన లెక్క.

నేను ఊరుకుంటానా? "అమ్మా, ఐదని చెప్పడానికి రెండేళ్ళా? నా అరచెయ్యి పుట్టినప్పట్నుంచీ అదే చెబుతోంది కదా!" అన్నాను.

"మీ చెయ్యి ఎలా చెబుతోందో మీకు తెలీదు కదండీ," అంది నెమ్మదిగా. "ఇది ఎలా చెబుతోందో మా పిల్లలకి తీగ పట్టుకుని చూపించొచ్చు. కాలేజీలో కొత్త కంప్యూటర్లున్నాయండీ, కానీ మూత విప్పనివ్వరు. దుమ్ము పడుతుందని గుడ్డ కూడా తియ్యనివ్వరు."

ఆవిడ గొడవంతా ఆ పిల్లల గురించే. ఎలక్ట్రానిక్స్ గ్రూపులో ఆ ఏడు చేరింది తొమ్మిదిమంది. మిగతావాళ్ళంతా పొలాల మధ్య మొలిచిన ఇంజనీరింగ్ కాలేజీల పసుపుపచ్చ బస్సులెక్కి పోతున్నారు. తొమ్మిదిమంది కోసం గ్రూపెందుకు, వచ్చే ఏడు ఎత్తేద్దామన్నారు కరస్పాండెంట్ సూర్యనారాయణ గారు. తన మెషీను నడుస్తుండగా ఆయన కళ్ళారా చూస్తే మనసు మార్చుకుంటారని ఆవిడ ఆశ. వెళ్ళి అడిగింది.

"ఒక్క పది నిమిషాలు మా ల్యాబుకి రండి సార్. నడిపి చూపిస్తాను. చూశాక మీ ఇష్టం."

సూర్యనారాయణ గారు కరిగి నీరైపోయారు. "ల్యాబుకా? నువ్వింత పని చేస్తే నేను ల్యాబుకొచ్చి చూసి పోవడమా? పదిమంది ఏమనుకుంటారమ్మా! సన్మానం చేద్దాం!"

చూశారా పెద్ద మనసు? పది నిమిషాలు అడిగితే ఒక పూటంతా ఇచ్చారు!

సభ రోజున ఆవిడ ఆ కంప్యూటర్‌ని, కుదుపులకి తీగలు ఊడకుండా, ఆకివీడు నుంచి చేపలు ఎగుమతి చేసే థర్మోకోల్ పెట్టెలో పెట్టుకుని బస్సెక్కింది. కంప్యూటర్లో బస్సు అనేది ఒకటి ఉంటుందని విన్నాను కానీ, బస్సులో కంప్యూటర్‌ని చూడటం అదే మొదలు. నేనూ ఆ బస్సులోనే ఉన్నాను. పక్క సీటు పెద్దావిడ పెట్టె వంక అదేపనిగా చూసి, చివరికి ఆగలేక అడిగేసింది.

"ఏం చేపలండీ అవి? శీలావతా?"

"చేపలు కాదండీ. కంప్యూటరు."

"అలాగా అండీ. ఐసు బాగా వేశారా? ఎండ చంపేస్తోంది."

ఈవిడ నవ్వి పెట్టె మూత సర్దుకుంది. నిజానికి ఆ రోజు మొత్తంలో ఆ యంత్రం గురించి ప్రశ్నలు వేసిన ప్రాణి ఆ పెద్దావిడ ఒక్కతే.

సభ అదిరింది! స్టేజీ మీద పదకొండు కుర్చీలు, పది ప్రసంగాలు. నాది 'మౌస్ పట్టిన మహిళ'. ఎలుకని చూసి మంచమెక్కే ఆడది ఇవాళ ఎలుకనే గుప్పిట్లో పట్టి ఆడిస్తోందని ముప్పావుగంట ఆడుకున్నాను. ఆ యంత్రానికి మౌస్ లేదని దిగాక ఎవరో చెప్పారు. లేకపోతే నాదా తప్పు? పెట్టుకోవలసింది!

ఆ తొమ్మిదిమంది పిల్లలూ ఎక్కడున్నారంటారా? గేటు దగ్గర. వచ్చేపోయే పెద్దల మీద పూలు చల్లాలి కదండీ. మరి కంప్యూటర్ ఎక్కడుంది? బల్ల మీద, పూల బొకేల వెనకాల. ఆవిడ మధ్యమధ్య లేచి ఆ బొకేలు పక్కకి జరపడం, నిర్వాహకులు మళ్ళీ మధ్యకి జరపడం, చదరంగంలా సాగింది. కంప్యూటర్‌కి కావలసింది మెమొరీ. మేమిచ్చింది మెమెంటో. రెండింటికీ పెద్ద తేడా ఏముంది, దుమ్ము పట్టడం ఒక్కటే కదా!

ఇంతలో ఆవిడ సూర్యనారాయణ గారి చెవి దగ్గర వంగి, "సార్, స్టేజీ మీద ప్లగ్గు ఒక్కటే ఉందండీ. మైకు తీసి ఒక్క పది నిమిషాలు నాకిస్తే..." అంది.

మైకు తియ్యడం! సభలో! ఆయన మొహం పాలిపోయింది. ఆయనెప్పుడూ మనిషి ప్రాణం ముక్కులో ఉంటుందనుకోరు, మైకులో ఉంటుందనుకుంటారు. చివరికి నాలుగు గంటల ప్రసంగాలయ్యాక, ఇంక మాట్లాడ్డానికి మనుషులు మిగలక, ఒప్పుకున్నారు. అయితే ఉత్త చేతుల్తో స్విచ్చు వేస్తామా? కొబ్బరికాయ ఉండాలిగా!

"కొబ్బరికాయ వద్దు సార్!" అంది పెర్సిస్ గారు, కంగారుగా.

పెర్సిస్ గారిది చర్చి కుటుంబం. సూర్యనారాయణ గారికి విషయం అర్థమైపోయింది. అంటే, ఆయనకి కావలసిన విషయం అర్థమైపోయింది. "భలేదానివమ్మా! మాకలాంటి పట్టింపుల్లేవు! అందరూ సమానమే! పాస్టరు గారూ, రండి రండి! ఇమాం సాహెబ్ గారూ, మీరూ రండి!"

"అది కాదండీ, తడి..."

"నువ్వు మొహమాటపడకు!"

వేదిక మీదున్న పాస్టరు తోమా గారు యంత్రం మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. మంచి మనిషి, పొడిచెయ్యే ఉంచారు. ఊళ్ళో అత్తరు కొట్టున్న ఇమాం సాహెబ్ గారు మర్యాద తక్కువ కాకూడదని పన్నీరు బుడ్డి ఎత్తి ఎడాపెడా చిలకరించారు. ఆయన్ని అనడానికి లేదు, పిలిచిందే అందుకు. పెర్సిస్ గారు పైట చెంగుతో తుడుస్తోంది. "ఆరనివ్వండి సార్, ఒక్క అయిదు నిమిషాలు ఆరనివ్వండి" అంటోంది. ఆ మాట వినపడలేదు. ఎందుకంటే మైకు తీసేశారుగా!

తుడిచినంత తుడిచి, బిక్కుబిక్కుమంటూ స్విచ్చు వేసింది. ఎర్ర లైటు ఒకటి వెలిగింది. రెండోది వెలగబోయింది. సరిగ్గా అప్పుడు సూర్యనారాయణ గారు బల్ల అంచుకేసి కాయ కొట్టారు. ఏం కాయండీ అది! అంత నీళ్ళున్న కాయ కోనసీమలో కూడా దొరకదు. కంప్యూటర్లో చిప్పు, ఆయన చేతిలో చిప్ప. చిప్పలో నీళ్ళన్నీ చిప్పు మీదే. టప్ మంది. సన్నగా పొగ లేచింది.

చప్పట్లు! ఈలలు! సాంబ్రాణి వేశారనుకుని ముందు వరసలోవాళ్ళు దణ్ణం కూడా పెట్టారు. మూడు మతాల దీవెనతో మూడు నిమిషాల్లో బూడిదైన యంత్రం ప్రపంచంలో ఇంకోటి ఉందా? ప్రోగ్రాం అద్భుతంగా జరిగిందని అందరూ అన్నారు. కంప్యూటర్లో ఉన్న ప్రోగ్రాం జరగలేదని అన్నది ఆవిడ ఒక్కతే. అది కూడా పైకి కాదు.

సూర్యనారాయణ గారు అక్కడికక్కడే చలించిపోయి, ఈ అపూర్వ యంత్రం శాశ్వతంగా కాలేజీలోనే ఉండాలని ప్రకటించారు. గాజు అలమారా చేయించారు, తాళం వేయించారు. ఇత్తడి పలక మీద ప్రారంభించినవారి పేరు, ప్రార్థించినవారి పేరు, పన్నీరు చల్లినవారి పేరు, నా పేరు చెక్కించారు. చోటు చాలక ఒకరి పేరు పట్టలేదు. ఎవరిదో మీరు చెప్పగలరు. ఇంతకీ అంత పెద్ద అలమారా ఎక్కడ పెట్టాలి? ఎలక్ట్రానిక్స్ ల్యాబు ఎలాగూ ఖాళీ అవుతోంది కదా, అందులో పెడదామన్నారు! కంప్యూటర్‌కి గది దొరికింది, పిల్లలకి గ్రూపు పోయింది. పోన్లెండి, అందరికీ ఒకేసారి న్యాయం ఎలా జరుగుతుంది?

అయినా ఈవిడ వదిలితేనా! పోయింది ఒక్క చిప్పేనట. అలాంటిదే ఇంకోటి సంపాదించుకొచ్చి, తాళం చెవి అడిగింది. "అరగంటలో బాగుచేస్తాను సార్. కాలేజీలు తెరవడానికి ఇంకా టైముందిగా. నడవడం ఒక్కసారి చూసి, గ్రూపు సంగతి అప్పుడు తేల్చండి."

ఆయన నొచ్చుకున్నారు. "సన్మానం జరిగిన వస్తువుని స్క్రూడ్రైవర్‌తో విప్పుతారా అమ్మా? పెద్దల్ని అవమానించినట్టు కాదూ? పోనీ, నీ మాటెందుకు కాదనాలి... పునఃప్రారంభోత్సవం పెడదాం. ఈసారి నూట ఎనిమిది కాయలు!"

ఆవిడ్ని ఒప్పించే బాధ్యత నాకు అప్పగించారు. తాడేపల్లిగూడెం బస్టాండులో పట్టుకున్నాను.

"ఎందుకమ్మా బెట్టు? ఎంత గౌరవం! ఈసారి పట్టు శాలువా కూడానట."

ఆవిడ కోపంగా చూడలేదు. అలసటగా చూసింది. "సార్, మీరు నాకు నిజంగా మేలు చెయ్యాలనుకుంటే ఒక్క పని చెయ్యండి. ప్రసంగించిన ఆ పదిమందిలో ఒక్కరిచేతైనా నన్ను తిట్టించండి."

"తిట్టించాలా? అయ్యయ్యో, ఎందుకూ?"

"తిట్టాలంటే ముందు చూడాలి కదండీ. ఈ లైటు వెలగట్లేదు, ఈ లెక్క తప్పు, ఇది పిల్లలకి పనికిరాదు అనాలంటే దాని ముందు పది నిమిషాలు కూర్చోవాలి. పొగడ్డానికైతే ఎవరూ కూర్చోలేదు."

ఏలూరు బస్సొచ్చింది. చిప్పున్న చేతిసంచీ పదిలంగా గుండెకి పొదువుకుని ఎక్కేసింది.

చూశారా, ఎంత లోకజ్ఞానం లేని మనిషో! ఒకరు చేసిన పని ముందు పది నిమిషాలు కూర్చుని చూసే ఓపికే మాకుంటే, ఇన్నిన్ని సన్మానాలు ఎందుకు చేస్తామండీ?