ఏడో ఎక్కం చదివిన చేపలు

ముసురు పట్టి బడికి సెలవిచ్చారు. సెలవు పిల్లలకే గాని కెజియా టీచరుకి కాదు. ఫోన్లో పాఠాలు చెప్పమని పైనుంచి మాట వచ్చింది. పెదపాడు దగ్గర ఆ చేపల చెరువుల ఊళ్ళో ఆవిడ పాఠం మొదలుపెడితే, మూడో తరగతి పిల్లలు ఫోను ఆన్ చేసి గోడకి ఆనించి, చల్లగా ఆటలకు జారుకునేవారు. పాపం, ఆవిడ ఎక్కాలన్నీ ఖాళీ మంచాలు వినేవి. ఇలాగే సాగితే పిల్లలకు వచ్చిన నాలుగు ముక్కలూ ఈ వానల్లో కొట్టుకుపోతాయని ఆవిడ దిగులు.

అందుకే ఆ ఉదయం కొత్త పథకంతో లేచింది. బొమ్మల చేత మాట్లాడించే యాప్ ఒకదానితో కుస్తీ పట్టి, ఊళ్ళో చేపల రైతు వీర్రాజు చెరువు ఫొటో మీద చేపల బొమ్మలు పెట్టింది. అవి నీళ్ళ మీదికి తలలెత్తి, నోళ్ళు తెరుస్తూ మూస్తూ, గొంతు కలిపి ఏడో ఎక్కం చదువుతాయి. ముందున్న పెద్ద చేపకు కళ్ళజోడు కూడా పెట్టింది, అది టీచరని తెలియాలి కదా. కెజియా పుట్టి పెరిగింది తాడేపల్లిగూడెంలో. చేపతో ఆవిడ పరిచయమంతా పులుసులోనే. చేప తలెత్తి నోరు తెరిచిందంటే నీళ్ళలో ఆక్సిజన్ అయిపోయి అది చావబోతోందని ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. ఆవిడకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

వీర్రాజు కూతురు పింకీ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కదలకుండా పాఠం చూస్తోంది. ఆ పిల్ల కదలకుండా కూర్చోవడమే వింత, అందుకే నాయనమ్మ కామేశ్వరికి అనుమానం వచ్చింది. కళ్ళజోడు వెతుక్కునే ఓపిక లేక ఉత్త కళ్ళతోనే భుజం మీంచి తొంగి చూసింది. చెరువు తమదే. కాపలా పాక మీద నీలం పట్టా తమదే. దొంగల భయానికి వీర్రాజు గట్టు మీద పెట్టించిన కెమెరాలో చెరువు కనిపించేది కూడా ఆ ఫోన్లోనే. ఇక అనుమానం ఏముంది? ఫోను లాక్కుని, ఏలూరులో మేత బస్తాలు ఎక్కిస్తున్న కొడుక్కి చేసింది.

"ఒరేయ్, చేపలన్నీ పైకొచ్చేశాయిరా. ఒకదాని తలకి వైరేదో చుట్టుకుని గిలగిల్లాడుతోంది."

ఇంకొన్నాళ్ళు పెరిగితే చేపలు పట్టి అమ్ముకునే పట్టుబడి. ఆ ఇంటి ఏడాది బతుకంతా ఆ నీళ్ళలోనే ఉంది. వీర్రాజు బండి తిప్పుతూనే వలవాళ్ళకు ఫోన్ చేసి, చచ్చేలోగా దొరికినన్ని పట్టెయ్యమన్నాడు. వలవాళ్ళు ఐసు లారీకి చెప్పారు. ఐసు లారీని చూసిన పక్క చెరువుల రైతులు ఏదో జబ్బు దిగిందనుకుని నీళ్ళలో చల్లడానికి సున్నం బస్తాలు ట్రాక్టర్లకెక్కించారు. ట్రాక్టర్లను చూసిన సంఘపెద్ద విశ్వాసం గారు చర్చి మైకు అందుకుని ఊరి చేపల కోసం ప్రార్థన మొదలుపెట్టారు.

ఇక్కడ కెజియా ఆనందం పట్టలేకుండా ఉంది. మొదటిసారి ఒక్క పిల్లాడు కూడా జారుకోలేదు. అంతలో ఏమైందో, క్లాసులో మొహాలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. కబురు చెప్పుకోడానికి పెద్దవాళ్ళు ఫోన్లు లాక్కుంటున్నారని ఆవిడకేం తెలుసు? మైకులో ప్రార్థన విని, వీర్రాజు చెరువు పోతోందని తెలిసి, తనూ గొడుగేసుకుని గట్టుకి పరుగెత్తింది.

అక్కడ కామేశ్వరి వచ్చినవాళ్ళందరికీ చూసింది చూసినట్టు చెబుతోంది. నీలం పట్టా పక్కనే, వరసగా నోళ్ళు తెరుచుకుని, ముందున్న దాని తలకి వైరు. అవి తన బొమ్మలేనని కెజియాకు అర్థమైంది. నోరు విప్పితే ఈ ఊళ్ళో ఇక ఆవిడ పాఠానికి ఎవరూ ఫోను తియ్యరు. విప్పకపోతే ఎదగని చేపలు వలలో పడి వీర్రాజు కుటుంబం రోడ్డున పడుతుంది. వల నీళ్ళకు తగలబోతుండగా చెయ్యి అడ్డం పెట్టింది.

"వల దించకండి. అది వైరు కాదండీ, కళ్ళజోడు. ఆ చేపలు నేను చేసిన బొమ్మలండీ. ఏడో ఎక్కం చదువుతున్నాయి."

అప్పుడే తడిసి ముద్దై వచ్చిన వీర్రాజు ఆ మాట విన్నాడు. ఐసు లారీ వంక చూశాడు, సున్నం బస్తాల వంక చూశాడు, చివరికి టీచరు వంక చూశాడు. ఎంత కోపంలోనూ మర్యాద తప్పని మనిషి.

"టీచరు గారూ, మా చేపలకి చదువెందుకండీ?" అన్నాడు.

అందరూ గొల్లున నవ్వారు. కెజియా సిగ్గుతో తల దించుకుంది. ఊరందరి ముందూ తన చూపుకి మాటొచ్చిందని కామేశ్వరికి ఉక్రోషం. పింకీ తెచ్చిచ్చిన కళ్ళజోడు విసురుగా పెట్టుకుని చెరువంతా కలియజూసింది. చూపు ఆ చివరి మూల ఆగిపోయింది.

"మరి అవేం చదువుతున్నాయండీ?"

తుంగ చాటున, కెమెరాకి అందని మూలలో, నిజం చేపలు తలలెత్తి నోళ్ళు తెరుస్తున్నాయి. నీళ్ళు చిలికే ఏరేటర్ చక్రానికి గుర్రపుడెక్క చుట్టుకుని అది ఎప్పుడు ఆగిపోయిందో ఏమో. ఎండ లేని ముసురులో అదీ తిరక్కపోతే చేప బతకదు. సమయానికి వలవాళ్ళు గట్టునే ఉన్నారు కాబట్టి సరిపోయింది. మోటారు ఆపించి నీళ్ళలోకి దూకి, డెక్కంతా లాగేసి చక్రం తిప్పించారు. కాసేపటికి తలలు ఒక్కొక్కటే నీళ్ళలోకి దిగిపోయాయి.

వీర్రాజు టీచరు దగ్గరికొచ్చి చేతులు జోడించాడు. "మీ బొమ్మలు గాని లేకపోతే సాయంత్రం దాకా ఇటెవరూ వచ్చేవాళ్ళం కాదండీ. మా ఇంటిని నిలబెట్టారు," అన్నాడు. తిట్లు తినడానికి సిద్ధపడి నిలబడ్డ కెజియాకు కళ్ళు చెమర్చాయి. ఇంతమంది తన మాట నమ్మి వల ఆపారే అని ఆవిడ మనసులో వాళ్ళకే దణ్ణం పెట్టుకుంది. కామేశ్వరి ఊరుకోలేదు. ఉన్నంతలో పెద్ద బొచ్చె చేపనొకదాన్ని పట్టించి, పులుసు తనే కాచి టీచరింటికి స్వయంగా మోసుకెళ్ళింది.

మర్నాటి నుంచి, ఈసారి ఎవరి చెరువులో చేపలు తలెత్తుతాయోనని, ఎక్కాల పాఠానికి ఊళ్ళో చేపల రైతులందరూ ఠంచనుగా హాజరవుతున్నారు. ఫోన్లన్నీ వాళ్ళ చేతుల్లోనే ఉండటంతో పిల్లలు నిశ్చింతగా ఆడుకుంటున్నారు.