ముగ్గురు సలహాదారులు, ఒక ఎయిర్ రైఫిల్

పిచ్చుక దిండుకు గలీబు తొడుగుతోంది.

"ముందు మూలలు లాగవే!" అంది అమ్మ గుమ్మంలోంచి.

"మూలలు కాదు వదినా, గలీబుని తిరగేసి పట్టుకోవాలి" అన్నాడు బాబాయి పేపరు వెనకనుంచి.

"అసలు దిండు దులిపిందా లేదా అడగండి" అన్నాడు అన్నయ్య, ఫోనులోంచి తల ఎత్తకుండా.

ఒక దిండు, ముగ్గురు నిపుణులు! పాఠకులారా, ఇంతటి భాగ్యం ఎంతమందికి పడుతుంది? ఇంటినిండా సలహాదారులు ఉండడం ఈ కాలపు పీడ అని కొందరు గొణుగుతుంటారు. వాళ్ళకు విశ్వాసం లేదు. అది పీడ కాదు, వరం అని నా వాదన. తిండి, బట్ట, నీడ తరవాత మనిషికి కావలసింది సలహాయే కదా! పైగా మొదటి మూడింటికీ కష్టపడాలి. నాలుగోది అడక్కుండానే ఇంటికొస్తుంది.

ఇంతకూ పిచ్చుక అంటే ఆ ఇంటి చిన్నమ్మాయి. సన్నగా ఉంటుందని చిన్నప్పుడు పెట్టిన ముద్దుపేరు. నిజం పిచ్చుకైనా అప్పుడప్పుడు కిచకిచమంటుంది. ఈమె అదీ అనదు. చూస్తుంది, అంతే. తెల్లచొక్కా మీద తెల్లదారం ఊడినా ఆమె కంటపడుతుంది. ఆ చూపు నచ్చే, పక్క జిల్లాలో కళ్ళజోళ్ళ అద్దాలు చేసే కంపెనీవాళ్ళు ఆమెకు ఉద్యోగం ఇచ్చారు. అద్దాల మీద సన్నగీతలు పట్టుకునే పని. సోమవారం పొద్దున చేరాలి. ఆమె అప్పుడే హాస్టల్లో మంచం మాట్లాడుకుంది, పెట్టె సర్దుకుంది. ఆ పెట్టె వైపు చూసినప్పుడల్లా ఆమె ముఖం ఎలా వెలిగేదో మీరు చూడాల్సింది. ఇంట్లో ఎవరూ చూడలేదు గనక మీకు చెబుతున్నాను.

అయితే పెద్దలన్నాక ఊరుకుంటారా?

"నోట్లో నాలుక లేని పిల్ల. కొత్త ఊళ్ళో ఎలా నెగ్గుకొస్తుంది?" అంది అమ్మ.

"ముందు ధైర్యం రావాలి" అన్నాడు బాబాయి.

ధైర్యం ఎక్కడ దొరుకుతుందో అన్నయ్య ఫోనులో వెతికాడు. షూటింగ్ క్లబ్బులో దొరుకుతుందట! ఆదివారం పొద్దున కొత్తవాళ్ళకు ట్రయల్ క్లాసు కూడా ఉందట!

"ఇదిగో పిచ్చుకా, ఒక్క గుండు అక్కడి గురి కాగితానికి తగిలిందా, సాయంత్రం నేనే బస్సెక్కిస్తా. తగల్లేదా, ఆ ఉద్యోగం సంగతి మరిచిపో. సరేనా?" అన్నాడు అన్నయ్య.

పిచ్చుక ఏమీ అనలేదు. ఆ ఇంట్లో దాన్నే సరే అంటారు.

అద్దాల మీద గీతలు పట్టుకోవడానికీ తుపాకీ కాల్చడానికీ సంబంధం ఏమిటని అడగబోతున్నారా? అడగకండి! సలహాకు సంబంధం ఉండితీరాలంటే లోకంలో సగం నోళ్ళు మూతపడతాయి. పొద్దున్నే చన్నీళ్ళు తాగితే ప్రమోషన్ వస్తుందన్నవాళ్ళు లేరా? ఈత నేర్చుకుంటే లెక్కలు వస్తాయన్నవాళ్ళు లేరా? పంటినొప్పి అంటే ఇల్లు మారమని చెప్పిన మేనత్త నాకే ఉంది. మారాను కూడా! ఇప్పుడు పంటినొప్పికి తోడుగా పాత ఇంటి మీద బెంగ ఉంది. నొప్పికి ఒక తోడంటూ దొరకలేదా మరి?

ఆదివారం నలుగురూ క్లబ్బుకు వెళ్ళారు. పొడవాటి గది. ఈ చివర వరసగా బల్లలు. ఆ చివర దీపాల కింద అరచేతంత కాగితాలు, వాటి నడుమ నల్లచుక్కలు. బల్లల ముందు నేలమీద ఒక ఎర్రగీత. గోడమీద పెద్ద అక్షరాలతో బోర్డు: గీత దాటరాదు. ప్రమాదం కనిపిస్తే ఎవరైనా 'ఆపండి' అని అరవవచ్చు. ఆ మాట వినగానే అందరూ తుపాకులు దించాలి.

పిచ్చుక బోర్డు ఆసాంతం చదివింది. ఆ 'ఎవరైనా'లో మొదటిసారి వచ్చినవాళ్ళు కూడా ఉంటారా అని అడగాలనుకుంది. అడగలేదు. నెరిసిన జుట్టు కోచ్ మేడమ్ ఆమె చూపును పట్టుకుంది.

"ఎవరైనా అంటే ఎవరైనానే అమ్మాయ్. నువ్వు కూడా. కాలుస్తున్నది చాంపియనైనా ఆగాల్సిందే."

మిగతా ముగ్గురూ బోర్డు వైపే చూడలేదు. చదవడం, వినడం నేర్చుకునేవాళ్ళ పని. వాళ్ళు నేర్పేవాళ్ళు!

రైఫిల్ అనుకున్నదానికంటే బరువుగా ఉంది. పిచ్చుక దాన్ని ఎత్తి పట్టుకుంది. తుపాకీ కొస గాలిలో ముగ్గులు వేసింది.

"ఎడమ కన్ను మూయవే!" అంది అమ్మ.

"కాదు కాదు, కుడి కన్ను!" అన్నాడు బాబాయి.

పిచ్చుక ఏనాడూ పెద్దల మాట కాదనలేదు. రెండూ మూసింది. టప్! కాగితం నిక్షేపంగా ఉంది. పైకప్పు నుంచి కాస్త సున్నం రాలింది.

"కళ్ళు తెరిచి కాల్చమ్మా. ఇక్కడ అదే పద్ధతి" అంది కోచ్.

"ఊపిరి బిగబట్టు!" "బిగబట్టకు, వదులు!" "మోకాళ్ళు వంచు!" ఊపిరి బిగబట్టి వదిలి, మోకాళ్ళు వంచి, పిచ్చుక మరికొన్ని గుళ్ళు కాల్చింది. గోడకు తగిలాయి, దీపం స్తంభానికి తగిలాయి. ఒకటి ఎక్కడికి పోయిందో ఇప్పటికీ తెలియదు. చివరికి ఒక్క గుండు మిగిలింది. ఆ గుండుతోపాటే ఉద్యోగమూ!

అప్పుడు కోచ్ లోపలికి వెళ్ళి, చెవులకు పెట్టుకునే పెద్ద మూతలు తెచ్చింది.

"మామూలుగా ఈ రైఫిల్‌కి ఇవి అక్కర్లేదు. నీకు మాత్రం కావాలి" అంది.

మూతలు పెట్టగానే లోకం నిశ్శబ్దమైపోయింది. అమ్మ నోరు కదులుతోంది. బాబాయి చేతులు ఊపుతున్నాడు. ఏమీ వినపడదు! పిచ్చుక తన ఊపిరి తాను విన్నది. తుపాకీ కొస ముగ్గులు మానేసింది. నల్లచుక్క బుద్ధిగా ఎదురుగా వచ్చి నిలబడింది. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే ఒక బూటు ఎర్రగీత దాటడం ఆమె కంటపడింది.

అది అన్నయ్య బూటు. ముందువైపునుంచి వీడియో తీస్తే ముఖంలో ధైర్యం బాగా కనపడుతుందని ఆయన ఆలోచన. ఫోను పట్టుకుని, వంగి, పక్కబల్ల దగ్గర గురిచూస్తున్న క్లబ్బు చాంపియన్‌కి అడ్డంగా నడుస్తున్నాడు.

"ఆపండి!"

గది దద్దరిల్లింది. వరస మొత్తం తుపాకులు దిగాయి. చాంపియన్ దించాడు. కోచ్ కూడా ఒక క్షణం బిగుసుకుపోయింది. అన్నయ్య ఒంటికాలి మీద ఆగిపోయాడు. అరిచింది ఎవరా అని అమ్మ వెనక్కి తిరిగి చూసింది. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

కోచ్ అన్నయ్యను మోచేయి పట్టుకుని గీత ఇవతలికి లాక్కొచ్చింది. "నువ్వు బాగా చూశావమ్మా" అంది పిచ్చుకతో. "మీ వాళ్ళకు మాత్రం ఇవాళ్టికి చాలు" అని నలుగురినీ బయటికి సాగనంపింది. చివరి గుండు తుపాకీలోనే ఉండిపోయింది.

ఇంటికొచ్చి ముగ్గురూ సభ తీర్చారు.

"ఇంత గొంతు పెట్టుకుని ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే?" అంది అమ్మ.

"గొంతు సరే. చివర 'అన్నయ్యా' అని చేర్చి ఉంటే మర్యాదగా ఉండేది" అన్నాడు బాబాయి.

"పదిమందిలో నా పరువు తీసింది! కొంచెం మెల్లగా అరవొచ్చుగా? ఏమైనా కాగితానికి తగల్లేదు. మాట మాటే" అన్నాడు అన్నయ్య. పరువు పోయినా కన్ను దక్కిందన్న సంగతి సభ దృష్టికి రాలేదు.

"నేను..." అంది పిచ్చుక.

"ఉండమ్మా, నీ గురించే మాట్లాడుకుంటున్నాం" అన్నాడు బాబాయి.

పిచ్చుక తన గదిలోకి వెళ్ళింది.

ఇప్పుడు చెప్పండి, సలహాదారులు వరమా, కాదా? ఒక్కసారి ఊహించుకోండి. ఆ ముగ్గురూ నోరు మూసుకుని ఆమె కోసం ఎదురుచూస్తూ కూర్చుని ఉంటే? పెట్టె చూసేవారు. "ఎక్కడికమ్మా?" అని అడిగేవారు. చెబితే వినేవారు కూడా! ఆమెకు కాళ్ళు కదిలేవి కావు. వినేవాళ్ళున్న ఇంటిని వదిలి వెళ్ళడం ఎంత కష్టం!

"అన్నిటికంటే ముందు," వేలెత్తాడు బాబాయి, "తనకేం కావాలో నోరు తెరిచి చెప్పడం దానికి నేర్పాలి."

"రేపటినుంచే మొదలుపెడదాం" అంది అమ్మ.

"రోజూ గంటసేపు నా ఎదురుగా కూర్చోబెట్టండి, నేను చూసుకుంటా" అన్నాడు అన్నయ్య. ఆ మాట ఆపకుండానే కాళ్ళు పక్కకు జరిపి, పెట్టెకు దారి ఇచ్చాడు.

పిచ్చుక చెప్పులు వేసుకుని, తలుపు దగ్గరగా వేసి, బస్టాండు వైపు నడిచింది.