దండ పడ్డ హీరో నాన్న

ఒక పెద్ద అడవిలో, పులులు తక్కువగానూ పోస్టర్లు ఎక్కువగానూ ఉన్న రోజుల్లో, ఏకాంబరం అనే దున్నపోతు తొంభై తొమ్మిది సార్లు చచ్చిపోయాడు.

కంగారు పడకండి, అన్నీ సినిమాల్లోనే. ఒకప్పుడు షూటింగుకని ఆ అడవికొచ్చిన మనుషులు ఎలుగుబంటిని చూసి కెమెరా, తెర, ఆఖరికి టిఫిన్ డబ్బాలు కూడా వదిలేసి పారిపోయారు. టిఫిన్లు కోతులు తిన్నాయి. కెమెరా పరాంకుశం అనే నక్కకు దొరికింది. అప్పట్నుంచి పరాంకుశం దర్శకుడైపోయాడు, అడవిలో వేట తగ్గి సినిమా పెరిగింది.

హీరో మృగరాజుగారి అబ్బాయి. ఆ కుర్ర సింహానికి గర్జించడం సరిగ్గా రాదు. తెర వెనకాల ముసలి సింహం ఒకటి డబ్బింగు చెబుతుంది. అయినా ఆయనకు 'జూలు స్టార్' అని బిరుదు ఉంది. ఏకాంబరానికి బిరుదు మాట దేవుడెరుగు, పోస్టరు మీద పేరు కూడా లేదు. అడవి మొత్తానికి ఆయన 'హీరో నాన్న', అంతే. సింహానికి దున్నపోతు నాన్నెలా అయ్యాడని నన్నడక్కండి. టిక్కెట్టు కొన్న ప్రేక్షకులే అడగలేదు.

కథ ఎప్పుడూ ఒకటే. హీరో నాన్న మంచివాడు. కొడుకుని బుద్ధిగా ఉండమంటాడు. ఇంటర్వెల్ లోపు మొసలి చేతిలో చస్తాడు. పోతూపోతూ "బాబూ... అడవి జాగ్రత్త..." అని మెడ వాల్చేస్తాడు. ఏకాంబరం మెడ వాల్చాడంటే హాల్లో వెనక కూర్చున్న రాబందులు లేచి ముందు వరుసలోకి వచ్చేవి. అంత పనితనం ఆయనది.

చావు సీనుకు అక్కడొక ఆనవాయితీ ఉంది. షాటు అయ్యాక చచ్చినవాడు లేచి, కెమెరా వైపు చూసి నవ్వాలి. ఆ నవ్వునీ తీస్తారు. సినిమాలో వాడరు, ఎక్కడో మూల పడేస్తారు. కానీ అది తీయకపోతే ఆ చావు కీడు యూనిట్‌లో ఎవరికో ఒకరికి నిజంగానే తగులుతుందని అందరికీ వణుకు. నవ్వు అయితేగానీ ప్యాకప్ చెప్పరు.

వందో సినిమా మొదలయ్యే ముందు ఏకాంబరం భార్య మంగాయమ్మ నోరు విప్పింది.

"మడుగులో తలెత్తుకోలేకపోతున్నానయ్యా. నిన్న ఆ జింకలవాళ్ళ కోడలు అందరి ముందూ అడిగింది, 'అత్తయ్యా, మావయ్య ఎప్పుడైనా శుభం కార్డు దాకా ఉన్నాడా?' అని."

"ఎందుకు లేనూ? హాల్లో కూర్చుని ఉన్నాను."

"వేళాకోళం చాలించు. ఆఖర్న అందరూ వరసగా నిలబడి పళ్ళికిలిస్తారే, అందులో చుంచెలుక కూడా ఉంటుంది. కథలో దాని పనేమిటో దానికే తెలీదు. ఆ వరసలో ఒక్కసారి నిలబడవయ్యా, కళ్ళారా చూసుకుంటాను."

ఎన్నేళ్ళుగానో ఏకాంబరం లోపల పేరుకున్న కోరిక అదే. ఒక్క సినిమాలో, ఒకే ఒక్కదాంట్లో, చివరిదాకా బతికుండాలి.

మర్నాడు పరాంకుశం దగ్గరికెళ్ళి అడిగాడు. పరాంకుశం తోక దువ్వుకుంటూ విన్నాడు.

"నాన్న బతికుంటే హీరోకి కోపమెందుకొస్తుందండీ? కోపం రాకపోతే ఫైటెందుకు? ఫైటు లేకపోతే నేనెందుకు? ఇంటికెళ్ళి పడుకోండి. ఎల్లుండి పొద్దున్నే చావాలి."

ఆ ఎల్లుండి రానే వచ్చింది, ఏకాంబరం బ్రహ్మాండంగా చచ్చాడు. లైట్లు పట్టుకున్న మిణుగురులు కూడా ఏడ్చాయి. పరాంకుశం చప్పట్లు కొట్టి, "భేష్! ఇక లేచి నవ్వండి, ప్యాకప్ చెప్పేద్దాం" అన్నాడు.

ఏకాంబరం లేచాడు. నవ్వలేదు.

"నవ్వు రావట్లేదండీ."

కమెడియన్ కోతి వచ్చి పల్టీలు కొట్టింది. దుమ్ములగొండి వచ్చి ఎలా నవ్వాలో నవ్వి చూపించింది. ఎలుగుబంటి చక్కిలిగింతలు పెట్టబోయి కొమ్ములు చూసి ఆగిపోయింది. ఎండ నడినెత్తికొచ్చింది. ఏకాంబరం ముఖం మాత్రం వడియాల పిండిలా అలాగే ఉంది.

జూలు స్టార్‌కి ఒళ్ళంతా చెమట. "ఇప్పుడా కీడు ఎవరికి తగులుతుంది?"

"యూనిట్‌లో అందరికన్నా పెద్ద పేరున్నవారెవరుంటే వారికేనంటారు బాబూ" అన్నాడు ఏకాంబరం వినయంగా.

"పరాంకుశం! ఆయనేమడిగితే అది ఇచ్చెయ్!" అని జూలు స్టార్ గర్జించాడు. డబ్బింగు లేకుండా గర్జించడం అదే మొదటిసారి.

"సరేనండీ" అన్నాడు పరాంకుశం. "మొసలి నోట్లోంచి నాన్న తప్పించుకొచ్చే సీను రాస్తాను. ఆఖరి వరసలో హీరో పక్కన నిలబడతారు. మా అమ్మ మీద ఒట్టు."

అప్పుడు నవ్వాడు ఏకాంబరం. వంద చావుల తర్వాత మనసులోంచి వచ్చిన మొదటి నవ్వు అది. పసిదూడ మొదటిసారి నీళ్ళలోకి దిగినప్పుడు ఉంటుందే, అలాంటి సంతోషం. కెమెరా వెనకున్న కొంగ ఒంటికాలి మీద నిలబడటం మర్చిపోయింది.

క్లైమాక్సుకి కబురొస్తుందని ఏకాంబరం నెల రోజులు చూశాడు. కొమ్ములకు నూనె రాసుకున్నాడు. కబురు రాలేదు. ఎడిటింగులో ఏదో చేస్తారులే అని తనకు తానే సర్దిచెప్పుకుని, విడుదల రోజున మంగాయమ్మను తీసుకెళ్ళి హాల్లో కూర్చోబెట్టాడు.

ఆఖరి సీను వచ్చింది. అందరూ వరసగా నిలబడ్డారు. చుంచెలుక కూడా ఉంది. వాళ్ళ వెనక గోడ మీద పెద్ద పటం. పటంలో ఏకాంబరం, అదే నవ్వుతో. పటానికి బంతిపూల దండ.

"ఆ దండేమిటయ్యా?" అంది మంగాయమ్మ.

ఏకాంబరం పక్కకు తిరిగి ఏదో అనబోయేలోగా హాలంతా గొల్లుమని ఏడ్చింది. ఆ నవ్వు ముఖం చూసి కుందేళ్ళు వెక్కిళ్ళు పెట్టాయి, ఏనుగులు తొండాలతో కళ్ళు తుడుచుకున్నాయి. హీరోను చూసినవాడు ఒక్కడు లేడు.

ఇంతకుముందు సినిమాల్లో చచ్చిన నాన్నకి పటం కట్టించాలని ఎవరికీ తోచలేదు. అడవిలో మాత్రం దండ పడ్డ పటం అంటే మనిషి పోయినట్టే లెక్క. తెల్లారేసరికి విలేకరి కాకి 'హీరో నాన్న ఇక లేరు' అని చెట్టుచెట్టుకీ అరిచేసింది. మడుగు దగ్గర పరామర్శలు మొదలయ్యాయి.

"నేను బతికే ఉన్నానండీ!" అన్నాడు ఏకాంబరం బురదలోంచి.

"నిజమేనండీ, అలాంటి మహానుభావులు ఎప్పటికీ మనలోనే బతికుంటారు" అంది జింక కోడలు కళ్ళొత్తుకుంటూ. తెర మీది నెరిసిన గడ్డం, మొసలి పళ్ళ గాట్లు లేకుండా ఆయన్ని ఆవిడ ఎన్నడూ సరిగ్గా చూసిన పాపాన పోలేదు. "ఇంతకీ మీరు ఆయనకేమవుతారు?"

ఏకాంబరం పరుగున పరాంకుశం దగ్గరికెళ్ళాడు. పరాంకుశం జాలిగా చూశాడు. "పటం సూపర్‌హిట్టండీ. పొద్దున్నే వచ్చేస్తుంది, గడ్డి అడగదు, నవ్వనని మొండికెయ్యదు. వచ్చే మూడు సినిమాలకీ దాన్నే పెట్టేశాం. మీరు కాస్త కనపడకుండా ఉంటే బావుంటుంది."

ఏడాది తిరిగేసరికి ఏకాంబరానికి వేషం లేదు. పటానికి మాత్రం అరణ్యరత్న బిరుదొచ్చింది. దివంగతుడి భార్యగా వచ్చి అందుకోమని మంగాయమ్మకు ఆహ్వానం వచ్చింది.

"నా బొట్టు చెరుపుకుని వేదికెక్కమంటున్నారు, దిక్కుమాలిన సంత!" అని మంగాయమ్మ ఆహ్వానాన్ని నమిలి మింగేసింది. "నువ్వే వెళ్ళు. వెళ్ళి నేను బతికే ఉన్నానని మొహం మీద చెప్పు."

ఏకాంబరం వెళ్ళాడు. గేటు దగ్గర ఏనుగు 'బంధువులు' అని రాసిన బిళ్ళ మెడలో కట్టింది. వేదికెక్కాక, స్వర్గీయుల గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు. నేనే ఆయన్ని అని అరుద్దామనుకున్నాడు. ఎదురుగా అడవంతా నిశ్శబ్దంగా తన వైపే చూస్తోంది. చావు రాకుండా నాలుగు మాటలు మాట్లాడే వేషం ఆయనకెన్నడూ దొరకలేదు. గొంతు సవరించుకున్నాడు.

"ఆయన పేరు ఏకాంబరం. మీరెవరూ అడగలేదు, అందుకని చెబుతున్నా. చచ్చే సీనులో నేల మీద గులకరాళ్ళు వీపులో గుచ్చుకునేవి. చచ్చినవాడు కదలకూడదు కదా, అలాగే పడుకునేవాడు. ఒక్క రాయి తీసినవాడు లేడు. ఆయనకొకటే కోరిక, కథ అయిపోయేదాకా మీ అందరితోపాటు నిలబడాలని. పెద్ద కోరికేం కాదు. చుంచెలుకకు కూడా తీరింది."

ఎవరికీ కన్నీళ్ళు ఆగలేదు. చుంచెలుక అయితే మూర్ఛపోయింది.

ముందు కుర్చీలో జూలు స్టార్ ముక్కు చీదుకుని పరాంకుశం వైపు వంగాడు. "ఎవడయ్యా ఈ దున్న? పోయినాయన తమ్ముడా? అచ్చం ఆ పోలికే. పటాన్ని పట్టుకుని ఏడవలేక చస్తున్నాను, వచ్చే సినిమాకి ఇతన్ని నాన్నగా పెట్టేద్దాం."

పరాంకుశానికి అంతా తెలుసు. అయినా గడ్డం గోక్కున్నాడు. "పోలికైతే ఉంది బాబూ. కానీ ఆయనంత బాగా చావగలడా అని నా అనుమానం."

ఆ మాట చెవిన పడగానే ఏకాంబరం చేతికిచ్చిన బిరుదు ఫలకం పక్కన పెట్టాడు. ఇంట్లో ఖాళీగా పడున్న గడ్డి తొట్టి గుర్తొచ్చింది. వేదిక మీదున్న గులకరాళ్ళు నాలుగు తనే కాలితో పక్కకు తోసి, మెల్లగా ఒరిగాడు.

"బాబూ... అడవి జాగ్రత్త..."

మెడ వాలింది. రాబందులు లేచి ముందు వరుసలోకి వచ్చాయి. కాసేపటికి ఏకాంబరం ఒక కన్ను తెరిచి, "నవ్వమంటారా?" అని అడిగాడు.

"అక్కర్లేదు, లేవండి" అన్నాడు పరాంకుశం. "కొత్తవాళ్ళకి ఆ ఆనవాయితీ తీసేశాం."

నీతి: పాత్రలో జీవించినవాడికి చప్పట్లు దొరుకుతాయి గానీ, గడ్డి కావాలంటే మాత్రం చచ్చి చూపించాల్సిందే.