ముద్ర ఉన్న వైపే కింద

ఒక పెద్ద అడవిలో ఎవరి ఇల్లు వాళ్ళే కట్టుకునే కాలం ఒకటి ఉండేది. గిజిగాడు గూడు అల్లుకునేది, చెదపురుగులు పుట్ట లేపుకునేవి, కుందేలు బొరియ తవ్వుకునేది. ఎవరి దగ్గరా డిగ్రీ లేదు. ఇళ్ళు మాత్రం అందరికీ ఉండేవి.

ఈ వెనకబాటుతనం చూసి సింహానికి సిగ్గేసింది. పక్క అడవికి పర్యటనకు వెళ్ళొచ్చి, తన అడవిలో కూడా ఒక నిర్మాణ కళాశాల పెట్టించింది. దాంతోపాటు ఒక రూలు కూడా పెట్టింది. కళాశాల జ్యూరీ చూసి ముద్ర వేసిన బొమ్మ లేకుండా ఎవరూ గూడు కట్టకూడదు, బొరియ తవ్వకూడదు. మాట వినకుండా కడితే ఏనుగు మేస్త్రి వచ్చి తొక్కి చదును చేసి పోతుంది.

కళాశాలను కొండ గుహలో పెట్టారు. గుహతోపాటు గబ్బిలం గారు కూడా వచ్చారు. ఆయన అక్కడ ఎప్పటినుంచో ఉంటున్నారు కాబట్టి అందరికంటే సీనియర్ ఆయనేనని తేల్చి, జ్యూరీకి అధ్యక్షుణ్ణి చేశారు. ఆయన గుహ కప్పునుంచి వేలాడుతూనే షీట్లు చూస్తారు. అంటే ప్రతి బొమ్మా ఆయనకు తలకిందులుగా కనబడుతుంది. ఈ సంగతి ఆయనకు తప్ప అడవిలో అందరికీ తెలుసు. చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు, ఎందుకంటే మార్కులు వేసేది ఆయనే.

జ్యూరీలో ఇంకో ఇద్దరున్నారు. శాఖాధిపతి కొంగ గారు ఒంటికాలి మీద నిలబడి, వచ్చినవాళ్ళందరినీ "నీ కాన్సెప్ట్ ఏంటి?" అని అడుగుతారు. బయటినుంచి పిలిపించిన నిపుణులు తొండ గారు. ఎవరేమన్నా ఆయన తల ఊపుతారు.

ఆ ఏడు ఆఖరి సంవత్సరం స్టూడియో అనే బొమ్మల క్లాసులో ఇచ్చిన ప్రాజెక్టు 'వానాకాలానికి కుందేలు ఇల్లు'. ఉత్తుత్తి ప్రాజెక్టు కాదు, నిజం కుందేలు, నిజం ఇల్లు. ప్యాసైన బొమ్మను ఏనుగు మేస్త్రి తొలకరి లోపల కట్టివ్వాలి.

ఆ కుందేలు పాత బొరియ వరదలో కూలిపోయింది. కొత్తది తవ్వుకుందామంటే రూలు ఒప్పుకోలేదు. పోయినేడు వానలన్నీ ఒక పొద కిందే గడిపింది. ఆ వానల్లో ఇద్దరు పిల్లలు పోయారు. ఇప్పుడు ఇంకో నలుగురున్నారు.

క్లాసులో తక్కినవాళ్ళంతా 'కుందేలుతనం అంటే ఏమిటి' అని చర్చించుకుంటూ ఉంటే, ముంగిస ఒక్కతే వెళ్ళి కుందేలును కలిసింది.

"ఎలాంటి ఇల్లు కావాలక్కా?"

"మా పిల్లలు తడవకుండా ఉంటే చాలమ్మా. గుమ్మంలో నక్క తల పట్టకూడదు. అందం చందం నీ ఇష్టం."

ముంగిస మోదుగాకులు కుట్టి షీటు చేసుకుని బొమ్మ గీసింది. కింద నాలుగు పొట్టి గుంజలు. వాటి మీద వెదురు బద్దలతో నేల, వరద నీళ్ళు వచ్చినా కారిపోయేలా మధ్యమధ్య సందులు. పక్కగోడకు చిన్న గుమ్మం. పైన రెండు వైపులా వాలిన కప్పు, చుక్క దిగకుండా దాని నిండా బంకమన్ను. పసిపిల్లలకు చూపించినా అది ఇల్లేనని చెబుతారు.

జ్యూరీ రోజు గబ్బిలం గారు ఆ షీటు వంక చాలాసేపు చూశారు.

"కప్పు కింద పెట్టావు. చిల్లుల నేల పైన పెట్టావు. గుంజలు ఆకాశంలోకి లేపావు. వాన పడితే ఇది నీళ్ళ తొట్టి అవుతుంది. ఇన్నేళ్ళు చదివి ఇదేనా నేర్చుకున్నది?"

"నీ కాన్సెప్ట్ ఏంటి?" కొంగ గారు అడిగారు.

"కుందేళ్ళు తడవకూడదు సార్."

"అది అవసరం. నేనడిగింది కాన్సెప్ట్."

తొండ గారు తల ఊపారు. ఆ రోజు ముంగిసతోపాటు క్లాసంతా ఫెయిలైంది. రెండో జ్యూరీకి వారం గడువిచ్చారు.

ముంగిస దిగాలుగా గుహ బయట కూర్చుంటే ఉడుము వచ్చింది. ఉడుము ఏడేళ్ళుగా పట్టు వదలకుండా అదే క్లాసులో ఉంది. ప్యాసైతే హాస్టల్ ఖాళీ చెయ్యాలి, అందుకని.

"షీటు తిరగేసి తగిలించు," అంది ఉడుము.

"బొమ్మ తలకిందులవుతుంది కదన్నా."

"నీకు అవుతుంది, ఆయనకు కాదు. ముద్ర పడ్డాక మళ్ళీ తిప్పుకో. కాన్సెప్ట్ అడిగితే 'వర్షంతో సంభాషణ' అను."

"అంటే ఏంటి?"

"అది వాళ్ళు అడగరు."

అడగలేదు. రెండో జ్యూరీలో గబ్బిలం గారి ముఖం వికసించింది. "కప్పు పైన, నేల కింద. ఈ కళాశాలలో ఇన్నాళ్ళకు ఒకరికి అర్థమైంది," అన్నారు. కొంగ గారికి ఇల్లు గుంజలు పైకెత్తి వెల్లకిలా పడి కనబడుతూనే ఉంది. అయినా ఆయన మెడ వంచి, "ఇందులో కప్పు అనే భావాన్ని ప్రశ్నించడం ఉంది," అన్నారు. తొండ గారు ఇద్దరికీ తల ఊపారు. షీటు ఎలా తగిలించి ఉందో అలాగే, కింది కుడి మూలన ముద్ర పడింది.

ముంగిస షీటు తీసుకుని, సరిగ్గా తిప్పి, ఏనుగు మేస్త్రి ముందు పరిచింది. మేస్త్రి తొండంతో దాన్ని మళ్ళీ తిప్పింది.

"ముద్ర ఉన్న వైపే కిందమ్మా. రూల్లో రాసుంది."

"అలా కడితే కప్పు మీద ఇల్లు నిలబడుతుంది మేస్త్రీ."

"నాకూ వింతగానే ఉంది. నేను చదువుకోలేదు కదా. చదువుకున్నోళ్ళు ఏదో అనుకునే గీసుంటారులే అని కట్టేస్తుంటాను."

ముంగిస కొంగ గారి దగ్గరికి పరిగెత్తి ఉన్న మాట చెప్పేసింది. ఆయన కాలు మార్చారు.

"అంటే నువ్వు జ్యూరీని మోసం చేశానంటావా, జ్యూరీకే చూడటం రాదంటావా? ఏదో ఒకటి రాసివ్వు. కొత్త జ్యూరీ వానలు వెళ్ళాక పెడదాం."

ఏది రాసినా వానలకు ఇల్లుండదు. ఇక తెగించి గబ్బిలం గారి దగ్గరికే వెళ్ళింది. "సార్, మీరు తలకిందులుగా వేలాడుతున్నారు," అంది.

గబ్బిలం గారికి కోపం రాలేదు. జాలేసింది.

"పిచ్చిదానా, నేను నిటారుగానే ఉన్నాను. మీరంతా కప్పుకు అతుక్కుని నడుస్తున్నారు. జారిపడతావేమో, జాగ్రత్తగా వెళ్ళు."

ఇల్లు కట్టారు. కప్పు మొన నేలలో దిగేసి, అటూ ఇటూ రాళ్ళు ఎగదోశారు. నాలుగు గుంజలూ ఆకాశం వైపు లేచి ఉన్నాయి. కుందేలు నలుగురు పిల్లల్నీ వెంటబెట్టుకుని వచ్చి, ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"బాగుందమ్మా," అంది మర్యాదకు. "ఏ వైపునుంచి లోపలికెళ్ళాలి?"



తొలకరి మొదలైంది. పైనున్న సందుల్లోంచి వాన చక్కగా లోపలికి దిగింది. బంకమన్ను కప్పు కదా, చుక్క బయటికి కారలేదు. మూడో రోజుకు గుమ్మం దాకా నిండింది. కప్పలు కాపురం పెట్టాయి. కొంగ గారు రోజూ పొద్దున్నే 'కట్టడం పనితీరు పరిశీలన' అని వచ్చి, కడుపు నిండాక వెళ్తున్నారు. కుందేలు, పిల్లలు తమ సొంతింటి ముందు పొదలో తడుస్తున్నారు. చిన్నదానికి దగ్గు పట్టుకుంది.

ఆ దగ్గు వినేసరికి ముంగిసకు ఏడుపు ఆగలేదు. తను గీసిన గీతే వీళ్ళను చంపేలా ఉంది. బొమ్మ లేదు, ముద్ర లేదు, అలాగే మట్టిలో గోళ్ళు దించింది. తిరగబడ్డ కప్పు అంచు బయటికి పొడుచుకొచ్చి గొడుగులా కాస్తున్న చోట నేల పొడిగా ఉంది. అక్కడి మట్టి గట్టులోకి, నక్క తల పట్టనంత వెడల్పున, ఏటవాలుగా పైకి బొరియ తవ్వింది. కుందేలు కూడా వచ్చి పక్కనే తవ్వసాగింది. పొద్దు గూకేలోపు పిల్లలు నలుగురూ పొడి మట్టిలో ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయారు.

మర్నాడు పరిశీలనకు వచ్చిన కొంగ గారి కంట అది పడనే పడింది.

"అనుమతి లేని చిల్లు," అన్నారు. "మూడు రోజుల్లో జ్యూరీకి బొమ్మ పెట్టాలి. ముద్ర పడితే ఉంచుతాం. పడకపోతే మేస్త్రి వస్తుంది. పడినా, కట్టింది బొమ్మలాగా లేకపోతే మేస్త్రి వస్తుంది."

ముంగిస ఉడుము దగ్గరికి వెళ్ళింది. ఉడుము ఒక ఖాళీ షీటును అటూ ఇటూ తిప్పి చూసింది.

"సరిగ్గా తగిలిస్తే ఆయన ఫెయిల్ చేస్తాడు. తిరగేస్తే ముద్ర తలకిందులుగా పడి, మేస్త్రి బొరియను తిరగేస్తుంది. ఏడేళ్ళలో ఇలాంటిది చూళ్ళేదు," అంది.

ముంగిస బొరియ దగ్గరికే తిరిగొచ్చి కూర్చుంది. కుందేలు లోపలినుంచి చెవులు బయటపెట్టి చూసింది.

"ఎలా గీసినా నా ఇల్లు పోయేదేనా అమ్మా?"

ముంగిస కుందేలు చెవుల చుట్టూ ఉన్న గుమ్మాన్నే చూస్తూ ఉండిపోయింది. తర్వాత లేచి, ఒక షీటు తెచ్చుకుని, గుమ్మం ఎలా ఉందో అలాగే గీసింది.

మూడో రోజు జ్యూరీ ముందు షీటు తగిలించింది. దాని మీద ఒక గుండ్రటి సున్నా ఉంది. ఇంకేమీ లేదు.

గబ్బిలం గారు చూశారు. "ఏమిటిది?"

"గుమ్మం సార్."

"దానికి పైన ఏముంది?"

"మన్ను సార్."

"కింద?"

"కిందా మన్నే."

గబ్బిలం గారు ఎంత వెతికినా తప్పు దొరకలేదు. "సరిగ్గానే ఉంది," అన్నారు.

"నీ కాన్సెప్ట్ ఏంటి?" అన్నారు కొంగ గారు.

"శూన్యం సార్."

కొంగ గారు కళ్ళు మూసుకుని ఆనందించారు. తొండ గారు తల ఊపారు. ముద్ర పడింది.

ఏనుగు మేస్త్రి షీటు పట్టుకుని బొరియ దగ్గరికి వచ్చింది. ముద్ర కిందికి పెట్టి చూసింది, పైకి పెట్టి చూసింది, పక్కలకు తిప్పి చూసింది. బొరియ బొమ్మలాగే ఉంది. "ఇన్నాళ్ళకు నాకు అర్థమయ్యే బొమ్మ గీశారమ్మా," అని వెళ్ళిపోయింది. కుందేలు ఆ షీటును గుమ్మానికి అడ్డంగా వేలాడదీసింది, జల్లు లోపలికి కొట్టకుండా. ఆ వానాకాలం నలుగురు పిల్లలూ బతికారు.

ముంగిసకు బంగారు పతకం వచ్చింది. బొరియకు కాదు, కప్పలున్న ఇంటికి. మరుసటేడు స్టూడియోలో ఏనుగుల షెడ్డు ఇచ్చినా, కోతుల హాస్టల్ ఇచ్చినా విద్యార్థులందరూ సున్నాలే గీసుకొచ్చారు. అందరూ ప్యాసయ్యారు. ఉడుముకు కూడా హాస్టల్ ఖాళీ చెయ్యక తప్పలేదు. ఈ అడవికి ఇప్పటికి పైనేదో కిందేదో తెలిసిందని గబ్బిలం గారు చాలా సంతోషించారు.

ఇందులోంచి నీతి పట్టుకెళ్ళాలనుకునేవారికి: ఇల్లు ఎలా ఉన్నా ఫరవాలేదు, బొమ్మ మాత్రం ఎటు తిప్పినా ఒకేలా ఉండాలి.