సత్యానికి రోజుకో బిళ్ల

పెనుగొండకు కూతవేటు దూరంలో ఉన్న పల్లంరాజు గారి రొయ్యల ఫ్యాక్టరీలో అబద్ధాన్ని శాశ్వతంగా రద్దు చేశారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఈ సంస్కరణకు కారణం అక్కడి కోల్డ్ స్టోరేజీ. అందులో పెట్టిన రొయ్యల పెట్టెలు తరచూ తగ్గిపోతున్నాయి. రొయ్యలకు కాళ్లున్నమాట నిజమే గానీ, పెట్టెను కూడా వెంటపెట్టుకుని నడిచిపోయేంత తెలివి వాటికి లేదని యాజమాన్యం తీర్మానించింది.

ముందు ఒక అధికారిని పిలిపించారు. ఆయన విచారణ జరిపి వెళ్తుంటే మర్యాదగా రెండు పెట్టెలు కారులో పెట్టించారు. ఇంటికొచ్చినవాణ్ణి వట్టి చేతులతో పంపడం మన గోదావరి జిల్లాల్లో దొంగతనం కంటే పెద్ద నేరమని పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. విచారణ ముగిసేసరికి మరో రెండు పెట్టెలు తగ్గాయి.

దాంతో హైదరాబాదు నుంచి అబద్ధాలు పట్టే యంత్రాన్నీ, దాన్ని నడిపే మురళీకృష్ణ అనే నిపుణుణ్ణీ రప్పించారు. యంత్రం చాలా సులువైనది. వేలికి క్లిప్పు, చేతికి పట్టీ. గుండె దడదడలాడితే ఎర్రగీత, అంటే అబద్ధం. నింపాదిగా కొట్టుకుంటే పచ్చగీత, అంటే సత్యం.

"ఇవాళ్టి నుంచి మనం మనిషి మాట నమ్మమండి, మనిషి నాడి నమ్ముతామండి! నిజాయితీపరుడికి భయమెందుకండి?" అని పల్లంరాజు గారు ఉపన్యసించారు. అందరూ భయంభయంగా చప్పట్లు కొట్టారు.

మొదట మేనేజరు సత్యప్రసాద్ గారు కూర్చున్నారు. "పెట్టెలు దొంగిలించారా?" అని అడిగితే, "రామ రామ, ఎంతమాటండీ!" అన్నారు. పచ్చగీత ఇసుమంతైనా కదల్లేదు. అంతటి నిశ్చలత్వం తన ఉద్యోగ జీవితంలో చూడలేదని నిపుణుడు లేచి నమస్కరించాడు. రహస్యమేమిటని అడిగితే మేనేజరు గారు వినయంగా, "నాదేముందండి, అంతా బీపీ బిళ్ల చలవ. గుండె పరుగెత్తకుండా డాక్టరు గారు రాసిచ్చారండి" అన్నారు.

సాయంత్రానికి ఫ్యాక్టరీ మొత్తం అచ్చిబాబు మందుల షాపు ముందు బారులు తీరింది. డాక్టరు చీటీ లేనిదే ఆ బిళ్ల అమ్మకూడదు. అచ్చిబాబు నిబంధనలను గౌరవించే మనిషి కాబట్టి, మేనేజరు గారి చీటీనే అందరికీ చీటీగా పరిగణించాడు. మర్నాటి నుంచి ఫ్యాక్టరీలో సత్యం పొంగి పొర్లింది. అబద్ధమాడనివాడు లేని చోట ఒక్క ఎర్రగీతైనా పడలేదు. వాచ్‌మన్ గంగయ్య రెండు బిళ్లలు మింగి కుర్చీలోనే నిద్రపోతే, ఆ నిద్రను కూడా సంపూర్ణ సత్యంగా ధ్రువీకరించారు.

సంస్థ పరువు తీసింది ఒక్క నూకరత్నమే. ఆమె ప్యాకింగ్ బల్ల దగ్గర పనిచేస్తుంది. మొగుడికి చేపల వేట సాగినన్నాళ్లే సంపాదన, ఆ తర్వాత ఇల్లు గడిచేది ఆమె జీతం మీదే. ఐసుగడ్డల మధ్య ఏళ్లతరబడి నిలబడ్డందుకు ఆయాసం పట్టుకుంది. దానికి పెద్దాసుపత్రి డాక్టరు రాసిన మాత్ర వేసుకుంటే ఊపిరి ఆడుతుంది గానీ, గుండె దడదడలాడుతుంది, వేళ్లు వణుకుతాయి. బీపీ బిళ్ల జోలికి పోతే ప్రాణానికే ముప్పని ఆ డాక్టరే హెచ్చరించాడు.

"నీ పేరేంటమ్మా?" అన్నాడు నిపుణుడు.

"నూకరత్నమండి."

ఎర్రగీత. ఈమె అసలు పేరు కనుక్కోవాలని సత్యప్రసాద్ గారు అక్కడికక్కడే ఆదేశించారు.

"పెట్టెలు నువ్వు తీశావా?"

"లేదండి."

ఎర్రగీత.

"మరి ఎవరు తీశారు?"

"తియ్యడమేంటండి! మేనేజరు గారు మర్యాదకి పంపమంటే కార్లలో పెట్టించేది నేనేగా! మొన్న ఆయన వియ్యంకుడు గారింటిక్కూడా పంపాం కదండీ."

ఎర్రగీత తెర దాటి పోయింది. మేనేజరు గారి మీద ఇంత అభాండమా అని అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఆయన గుండె మాత్రం ఎప్పటిలాగే నింపాదిగా ఉంది.

"అయ్యా, ఈ దడ ఆయాసం బిళ్లదండి" అని ఆమె మొత్తుకుంది. అదీ ఎర్రగీతే. పల్లంరాజు గారు దయగల ప్రభువు. బీపీ బిళ్ల వేసుకుని వస్తే ఇంకోసారి పరీక్ష పెడతామన్నారు.

"అది మింగితే ఊపిరి ఆగిపోద్దండి, మింగకపోతే ఉద్యోగం పోద్దండి. నన్నేం చెయ్యమంటారు బాబూ?"

ఉద్యోగుల స్వేచ్ఛలో యాజమాన్యం జోక్యం చేసుకోదని ఆయన సెలవిచ్చారు.

నూకరత్నానికి తిక్కరేగింది. "అయితే నేనే తీశానండి! రాసుకోండి!"

మళ్లీ ఎర్రగీత. నిపుణుడు బుర్ర గోక్కున్నాడు. తీయలేదంటే అబద్ధం, తీశానన్నా అబద్ధమే. చివరికి పల్లంరాజు గారే తీర్పు చెప్పారు. దొంగతనం రుజువు కాలేదు గనుక ఆ నేరం ఆమెపై మోపడం అన్యాయం; ఇన్ని అబద్ధాలు ఆడినందుకు మాత్రమే పనిలోంచి తీసేస్తున్నాం. ఈ న్యాయదృష్టికి హర్షధ్వానాలు మిన్నంటాయి.

నూకరత్నం ఆయాసపడుతూ గేటు దాటింది. పక్క బల్లల వాళ్లకు ఆ పెట్టెలు ఎవరెవరి ఇళ్లకు వెళ్లాయో బాగా తెలుసు, ఓ చెయ్యి వేసి మోసినవాళ్లే. కానీ బిళ్ల మహిమ వల్ల ఎవరి గుండే చలించలేదు. ఇది రాస్తుంటే నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. అచ్చిబాబు దగ్గరికి మనిషిని పంపి, బిళ్ల తెప్పించుకుని వేసుకున్నాక గానీ కలం ముందుకు సాగలేదు.

నిపుణుడు బయల్దేరుతుంటే నాలుగు పెట్టెలు ఆయన కారెక్కాయి. నూకరత్నం స్థానంలో మనిషి కావలెనని గేటు దగ్గర బోర్డు పెట్టారు. అనుభవం అక్కర్లేదట.

అయ్యా, అమ్మా, ఇంతవరకూ ఓపిగ్గా చదివారు. ఆవిడ గేటు దాటిన చోట మీ గుండె కాస్తయినా దడదడలాడిందా? లేదంటారా, అయితే మీదీ పచ్చగీతే. బోర్డు ఇంకా తీయలేదు, రేపే వెళ్లి కలవండి.